ఎలుక బొరియలు పూడ్చేవాడు

మా ఊరు సముద్రం కంటే రెండు నిలువులు కిందుంది.
ఈ జేలండ్ దీవిలో దుంపలు తవ్వుతూ
నడుం నిలబెట్టి తలెత్తితే
పైన పడవలు పోతుంటాయి.

నా మొగుడు క్రైన్ కట్ట కాపలాదారు.
రోజూ మాపటేళ లాంతరు పట్టుకెళ్ళి
ఎలుకలు తవ్విన బొరియలు వెతికి
బంకమట్టి కూరి మడమతో తొక్కుతాడు.
ఇంటికి మాత్రం బీమా కట్టడు.
"కాలాల్సిన ఇల్లు
లోకానికి పునాది పడకముందే కాలింది, తన్నెకె" అంటాడు,
కూరలో ఉప్పు తగ్గిందన్నంత మామూలుగా.

చర్చిలో మూడు వందల మందిమి.
మూడు నెలలకోసారి బల్ల మీద తెల్లగుడ్డ పరిచి
రొట్టె విరుస్తారు.
లేచి వెళ్ళేది పదకొండు మంది.
మిగతావాళ్ళం బుగ్గన పెప్పర్‌మెంట్ బిళ్ళ పెట్టుకుని
బెంచీలకి అతుక్కుపోయి
ఎవరి పేరు వాళ్ళం వెతుక్కుంటాం,
ఎవరూ తెరిచి చూడలేని పుస్తకంలో.

మా అమ్మ డెబ్బై ఏడేళ్ళు వెతుక్కుంది.
ఒక్క ముక్క నోట పడకుండానే పోయింది.
అంత మంచి మనిషిని నేనెరగను.
పైకి అంటే అదీ గర్వం కిందే జమ.

ఈ చలికాలం
పక్క ఊళ్ళో ఇద్దరు పిల్లలకి కాళ్ళు పడిపోయాయి.
రేవు దగ్గర టీకాల వ్యాను ఆగింది.
సంఘపెద్ద హ్యూబ్రెక్ట్ నల్లకోటులో వచ్చి
టోపీ మోకాలి మీద పెట్టుకుని కాఫీ తాగాడు.
"ఆయన పంపబోవుదానికి
ముందుగానే తలుపు గడియ వేయుట అవిధేయత, అమ్మా."
పదకొండేళ్ళ కిందట తన కొడుకుని
ఈ జబ్బుకే ఇచ్చుకున్నాడు.
ఆ సంగతి ఎత్తలేదు.
నాకు వినిపించింది అదొక్కటే.
కప్పు కింద పెడుతుంటే సాసరు గలగలలాడింది.

రాత్రి యిక్కె నిద్రలో కాళ్ళు ఆడించింది.
ఎడమ. కుడి. మళ్ళీ ఎడమ.
లెక్కపెడుతూ కూర్చున్నాను.
క్రైన్ వచ్చి బూట్లు విప్పుతుంటే అడిగాను:
"బొరియలు ఎందుకు పూడుస్తావు?"
"ఏంటీ?"
"తెగాలని ఉంటే కట్ట తెగుతుంది.
ఆగాలని ఉంటే ఆగుతుంది.
మధ్యలో నీ మడమ దేనికి?"

అతనికి జవాబు తెలుసు.
పదహారేళ్ళకే ప్రశ్నోత్తరాలన్నీ కంఠతా పట్టినవాడు.
మడమ కూడా నిర్ణయంలోదే, మట్టి కూడా,
పూడ్చాలన్న బుద్ధి కూడా,
అని ఉంటుంది ఎక్కడో, ఎర్రట్ట వెనకవైపు.
నోట్లోంచి రాలేదు.
బూటు చేతిలో అలాగే ఉండిపోయింది.
ఎండిన మట్టి పెళ్ళలు పెళ్ళలుగా నేల మీద రాలింది.
పొద్దున ఊడ్చాల్సింది నేను.

కుండ కుమ్మరిని నిలదీయకూడదు, తెలుసు.
నిలదీయడం లేదు ప్రభూ,
చక్రం మీద తిరుగుతున్న మట్టికి
కళ్ళు తిరగవా అంటున్నాను.

తెల్లారేసరికి అతను లేడు.
సైకిల్ గోడకి ఆనించి ఉంది,
వెనక పిల్ల కూర్చునే బుట్ట బిగించి.
నేను బిగించలేదు.
నేనింకా తేల్చుకోనిది
నాకంటే ముందే ఎవరో తేల్చేశారు.
అతనా, ఆయనా?
మర ఒకటి వంకరగా దిగింది,
కాబట్టి మనిషి చెయ్యే అనుకున్నాను.
అయినా తొక్కాల్సింది నేనేగా.
గుమ్మంలో చాలాసేపు నిలబడ్డాను.
తిరిగి లోపలికి పోవచ్చు. నిజంగానే పోవచ్చు.
ఆ నిమిషం నాదే అని
ఏ సభ ముందైనా చెబుతాను.

ఎదురుగాలి.
హ్యూబ్రెక్ట్ కిటికీలో తెర కదిలింది,
పక్కకి జరగలేదు.
వ్యానులో నర్సు పంచదార బిళ్ళ మీద
గులాబీరంగు చుక్క వేసింది.
యిక్కె చప్పరించి
"ఇంకోటి" అంది.

వచ్చే నెల తెల్లగుడ్డ పరుస్తారు.
నేను లేవను.
ఈ పనితో నా పేరు కొట్టేశారో,
ఈ పని కోసమే రాశారో
నాకెవరు చెబుతారు?

తిరిగొస్తుంటే కట్ట మీద క్రైన్,
మోకాళ్ళ మీద, మోచేతుల దాకా మట్టి.
తల ఎత్తలేదు.
దాటి పోయాం.
పది గజాలు పోయాక వెనకనుంచి కేక:
"తన్నెకె,
వెనక చక్రంలో గాలి తక్కువుంది."